బోధన్ బర్రెలు మెచ్చిన బొగ్గు

షౌకత్‌ను బోధన్‌లో ‘బొగ్గుల షౌకత్’ అంటేనే గుర్తుపడతారు. అతని అసలు రంగేమిటో తెలిసిన వ్యక్తి భార్య కనీజ్ ఒక్కతే. ఆమె జ్ఞానం కూడా శుక్రవారం మధ్యాహ్నాలకే పరిమితం. నమాజుకు తెల్లని కుర్తా తొడుక్కుని వెళ్లేవాడు. తిరిగి వచ్చేలోగా తన బొగ్గు డిపోలో ఒక్కసారి తొంగిచూడకుండా ఉండలేకపోయేవాడు. ఆ తర్వాత ఆ కుర్తా ఏ రంగుదో కనీజ్ కూడా ప్రమాణం చేసి చెప్పలేకపోయేది.

డిపో తాత పెట్టినది. సింగరేణి వైపు నుంచి లారీ వస్తే బోధన్ హోటళ్ల పొయ్యిలు, లాండ్రీల ఇస్త్రీపెట్టెలు ఊపిరి పీల్చుకునేవి. ఆ వ్యాపారానికి రెండు ధర్మసూత్రాలుండేవి. ఒకటి: తూకం అయ్యాక తట్ట మీద పిడికెడంత గడ్డ కొసరుగా వేయాలి. కొసరు లేని బొగ్గు రాజుకోదని తాత మాట. రెండు: బొగ్గును పశువుల కొట్టం పక్కనే దించాలి. ఇల్లు నల్లబడదు, బర్రె నల్లబడినా ఎవరికీ తెలియదు.

తొంభైల చివరికి ఆ సూత్రాలను పాటించడానికి బొగ్గు కరువైంది. లారీ అమావాస్యకో పున్నమికో వచ్చేది. హోటళ్లలోకి గ్యాస్ సిలిండర్లు దొరల్లా దిగాయి. అదను చూసి నిజామాబాద్ నుంచి బావమరిది మొయినుద్దీన్ కూడా దిగాడు. అతనికి కంఠేశ్వర్‌లో స్కూటర్ సామాన్ల దుకాణం ఉంది.

“దూల్హా భాయ్, ఈ నల్ల దుకాణం ఇంకెన్ని దినాలు? నా కౌంటర్ కాడ కూసో. ఫ్యాన్ కింద నౌకరి.”

షౌకత్ దివాలా తీయడానికైనా సిద్ధమే. కానీ నికా నాడు తన చెప్పులు దాచినవాడి కింద నౌకరీ చేయడానికి మనసొప్పలేదు. పైగా ఎడమ చెప్పు ఇంతవరకూ దొరకలేదు.

“డిపో నడుస్తది” అన్నాడు.

“సరే. బక్రీద్ ముంగట మళ్లొస్త. అప్పటిదాంక నడువకపోతె నా స్కూటర్ ఎక్కాలె. ఆపా, నువ్వే గవా!”

సాక్ష్యం చెప్పాల్సిన కనీజ్ తమ్ముడికి చాయ్ ఇచ్చి సాగనంపింది. తమ్ముడు వెళ్లాక మాత్రం భర్తతో అంది: “అజీ, అంత పెద్ద చెక్కర ఫ్యాక్టరీ చెరుకు పిప్పి కాల్చి బాయిలర్ నడుపుతది. గదే పిప్పితోని బస్టాండు కాడ ఈరవ్వ చాయ్ గిన్నె నడువదా?”

మూడు తరాల బొగ్గు వంశానికి ఈ ఆలోచన రాకపోవడానికి కారణం వంశమే. షౌకత్ కోటగిరి పోయి, బెల్లం వండేవాళ్ల దగ్గర మిగిలిన పిప్పి పొట్టు మూటలకెత్తి తెచ్చాడు. అది ఉండ కట్టడానికి జిగురు కావాలి కనుక బెల్లం మడ్డి కూడా తెచ్చాడు. పెళ్లిళ్లలో లడ్డూలు చుట్టిన చేయి కనీజ్‌ది. ఎండలో ఆరిన ఆ ఉండలు నిజంగానే ఒక్క అగ్గిపుల్లకు అంటుకున్నాయి. వీధంతా ఎవరింట్లోనో పెళ్లన్నట్టు వాసన. షౌకత్ వాటికి ‘తీపి బొగ్గు’ అని నామకరణం చేశాడు. ఆ పేరులోని ప్రమాదం ఆ రోజు అతనికి తట్టలేదు.

మొదటి తట్ట బస్టాండు దగ్గర చాయ్ హోటల్ నడిపే ఈరవ్వకు వెళ్లింది. షౌకత్ వంశాచారం ప్రకారం కొట్టం పక్కనే దించి, పైన కొసరు ఉండ పెట్టి వచ్చాడు. తెల్లారేసరికి ఈరవ్వ డిపో ముందు ఉంది.

“ఓ షౌకత్ భాయ్! నీ బొగ్గు యాడున్నదో నువ్వే చెప్పు.”

“నిన్ననే కొట్టం పొంటి పోసిన గద ఈరవ్వా.”

“పోసినవ్, మంచిగనే పోసినవ్. పొద్దుగాల సూస్తె తట్ట ఉన్నది, బొగ్గు లేదు. బర్రె మూతి నాకుకుంట నిలవడ్డది.”

“బర్రె తిన్నదా? బొగ్గునా?”

“మీ తాత బొగ్గు ముట్టలే, మీ నాయిన బొగ్గు ముట్టలే. నీది మటుకు ఒక్క ఉండ ఇడువలే. గా కొసరు సుత తిన్నది!”

షౌకత్ చేతిలోని తరాజు కింద పెట్టాడు. బొగ్గును ఎవరూ తినరన్నది ఎవరూ పైకి చెప్పని మూడో సూత్రం. అంత గట్టిది కనుకనే ఎవరూ చెప్పలేదు. కొట్టం పక్కన దించేటప్పుడు తన సరుకు తీపి అన్న సంగతి అతని చేతులకు తెలుసు, అలవాటుపడ్డ కాళ్లకు తెలియలేదు.

“ఇంకో తట్ట పంపు” అంది ఈరవ్వ. “పాలు పిండుతాంటె ఇయ్యాల తన్నలే.”

“పొయ్యికా, బర్రెకా?”

“పొయ్యి పేరు మీదనే పంపు భాయ్. బర్రె సూసుకుంటది.”

షౌకత్ ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. “మాది నిప్పు అమ్మే ఖాందాన్. దాణా అమ్మెటోళ్లం కాదు.”

“నిప్పు కొనెటోళ్లు పోయిండ్రు, తినెటోళ్లు వచ్చిండ్రు” అంది కనీజ్. “ఆకలైన బర్రె సిలిండర్ తెచ్చుకోదు గద!”

అతను లేచి పశువుల డాక్టరు దగ్గరికి పోయాడు. డాక్టరు నవ్వడం ముగించి, తవుడు, కాస్త ఉప్పు కలపమన్నాడు. బర్రె ఎంత అడిగినా మితంగానే పెట్టమన్నాడు. తట్టలు కదిలాయి. కోటగిరి రైతులు కూడా మూటలు కట్టించుకుపోతున్నారు. అయినా షౌకత్ ముఖం ఆరిన కుంపటిలాగే ఉంది. డిపో నిలబడుతోంది సరే, ఎవరి పొయ్యీ తన వల్ల వెలగడం లేదు. తాతకు ఏ ముఖం చూపించాలి?

ఆ దిగులుతోనే ఒకనాడు ఈరవ్వ హోటల్లో చాయ్‌కి కూర్చున్నాడు. పొయ్యి ఎర్రగా మండుతోంది.

“ఏం కాలుస్తున్నవ్ ఈరవ్వా?” అసూయ దాచుకోలేక అడిగాడు.

“పిడకలు. ఇంకేం ఉన్నయ్?”

“ఎవరి దగ్గర కొన్నవ్?”

“కొనుడేంది? నా బర్రెయే.” గిన్నెలో పాలు పోస్తూ ఆమె నవ్వింది. “నీ బొగ్గే గద భాయ్! జర సుట్టు తిరిగొచ్చింది.”

షౌకత్ పొయ్యివైపు చూశాడు. పాలవైపు చూశాడు. కొట్టంలో నెమరేస్తున్న బర్రెకు, తన తర్వాత ఆ డిపోకు సిసలైన వారసురాలికి చేసినట్టు, ఓ సలాం చేశాడు. ఆ సాయంత్రం డిపో బోర్డు మీద ‘బొగ్గు’ అన్న మాటకు మళ్లీ రంగు వేయించాడు.

బక్రీద్‌కు ముందు మొయినుద్దీన్ ఇస్త్రీ బట్టలతో స్కూటర్ దిగాడు. డిపో ముందు జనం, వాళ్ల వెనక రెండు ఎడ్లబండ్లు. ఎడ్లు తీపి బొగ్గు నములుతున్నాయి.

“దూల్హా భాయ్, గివన్ని ఏంది?”

“బొగ్గు.”

“బక్రీద్ మేకకు పెట్టొచ్చా? కొన్నప్పటిసంది గడ్డి ముడుతలేదు. ఆపాకు చెప్పకు, ఎండిపోయి కుక్కపిల్ల లెక్కున్నది.”

కనీజ్ లోపలి నుంచి అంతా విని, ఏమీ విననట్టు మూట కట్టించింది. షౌకత్ కోసం ఖాళీగా ఉంచిన వెనక సీటు మీద మూట హుందాగా కూర్చుంది. స్కూటర్ కదలబోతుంటే షౌకత్ పరుగున వచ్చి ఆపాడు.

“ఆగు భయ్యా, కొసరు!” అని, నల్లటి చేత్తో ఒక ఉండ తీసి బావమరిది తెల్లచొక్కా జేబులో వేశాడు.