స్టీలుకు ఎంగిలి లేదు

"చెవి ఆనించి వినడం కాదే పిల్లా. పుచ్చకాయ కొనేటప్పుడు కొడతామే, అలా కొట్టు. ఆఁ, డబ్‌మంది కదా? లోపలంతా డొల్ల. ఇరవై రాయి. ఇప్పుడు ఆ పక్కదాన్ని కొట్టు. చూశావా, వేలు నొప్పెట్టింది. అది నిండు చెక్క. దానికి డెబ్బై అయినా పెట్టకపోతే ఆ తలుపు ఉసురు మనకు తగులుతుంది."

దేదీప్య వేలి కణుపులు రుద్దుకుంటూ పసుపుపచ్చ చీటీ మీద డెబ్బై అని రాసి తలుపుకు అంటించింది. వసంతలక్ష్మి ఆ చీటీ సరిగ్గా కళ్ల ఎత్తున ఉందో లేదో చూసి, ఊడదీసి, రెండంగుళాలు కిందికి అంటించింది. ఇక్కడి వాళ్లు పొడుగే గానీ, ధర చూసేటప్పుడు అందరూ వంగే చూస్తారని ఆవిడ నమ్మకం.

పార్సిప్పనీ ఊరు దాటాక హైవే పక్కన, ఒకప్పుడు కార్పెట్లు అమ్మిన పెద్ద షెడ్డులో ఉంది ఆ కొట్టు. ఇల్లు లేనివాళ్లకు ఇళ్లు కట్టించే ఒక ధర్మసంస్థ దాన్ని నడుపుతోంది. ఇల్లు బాగు చేయించుకునేవాళ్లు పాత తలుపులు, కిటికీలు, కుళాయిలు, కిచెన్ కేబినెట్లు, సగం వాడిన టైల్స్ పెట్టెలు తెచ్చి ఊరికే ఇచ్చి పోతారు. వాటికి ధర కట్టి అమ్మితే వచ్చిన డబ్బు ఇళ్లకు వెళుతుంది. ఆ ధర కట్టే బల్ల వసంతలక్ష్మిది.

దేదీప్యది వరంగల్. ఏడాదికోసారి ఏదైనా సేవ చేయండని ఆఫీసు వాళ్లు తోలితే టీమ్‌తో పాటు ఇక్కడికి వచ్చింది. మిగతావాళ్లు ఫొటోలు దిగి, పిజ్జా తిని వెళ్లిపోయారు. ఈ పిల్ల మాత్రం మరుసటి శనివారం మళ్లీ వచ్చింది. ఆ తర్వాత శనివారం కూడా. సామాను మీద ప్రేమ కాదు. ఒంటరిగా ఉండే అపార్ట్‌మెంట్‌లో మనిషి గొంతు వినిపించదు. ఈవిడ పక్కన నిలబడితే గొంతు ఆగదు.

వసంతలక్ష్మి తెనాలి మనిషి. భర్త సత్యం ఉద్యోగంతో పాటే ఈ దేశం వచ్చింది. వచ్చాక తెలిసింది, భర్త వీసా మీద వచ్చిన భార్య కాలు కదపొచ్చు గానీ జీతానికి చేయి కదపకూడదని. గ్రీన్ కార్డు వచ్చేసరికి చంకలో పిల్ల కాలేజీకెళ్లే పిల్ల అయింది.

"ఊరికే కూర్చున్నాననుకున్నావా?" అందొకసారి దేదీప్యతో. "స్ట్రోలర్‌లో పిల్లని వేసుకుని నేను చూడని గ్యారేజ్ సేల్ లేదు. కొనేదాన్ని కాదు. వస్తువు చూడటం, మనసులో నా ధర నేను అనుకోవడం, తర్వాత వాళ్ల చీటీ చూడటం. మొదట్లో అన్నీ తప్పేవి. రాను రాను వాళ్లే తప్పుగా పెట్టారనిపించేది."

అందుకే ఈ కొట్టు మేనేజర్ డోరిస్ ఇంటర్వ్యూలో అనుభవం ఏమైనా ఉందా అని అడిగితే, పైన వేలాడుతున్న లైటును వసంతలక్ష్మి చూపించి, దీనికి మరీ తక్కువ పెట్టారండి అంది. డోరిస్ కుర్చీ ఎక్కి చీటీ చూసి, దిగి, సోమవారం నుంచి రమ్మంది.

ఆ శనివారం తలుపులయ్యాక కుళాయిల సంగతి మొదలుపెట్టబోతూ వసంతలక్ష్మి మాట మధ్యలో ఆగిపోయింది. అలా ఆగడం దేదీప్య ఎన్నడూ చూడలేదు. లారీ కుర్రాళ్లు దించుతున్న సామానులో ఒక స్టీలు సింక్ ఉంది. మధ్యలో అడ్డుగోడ లేకుండా అంతా ఒకటే తొట్టి. మోచేయి మునిగేంత లోతు. మందపాటి రేకు. ఆవిడ వెళ్లి దాని అంచు మీద అరచేయి పెట్టింది, ఆవుదూడ వీపు నిమిరినట్టు.

"ఇదేనా ఆంటీ? మీరు ఎప్పుడూ చెప్పేది?" అంది దేదీప్య.

"ఇదేనే."

ఇక్కడి మన ఇళ్లలో చాలామందికి ఉన్నట్టే వసంతలక్ష్మికీ గ్యారేజ్‌లో రెండో వంటిల్లు ఉంది. తాలింపు ఘాటు, చేపల వేపుడు వాసన ఇంట్లోకి రాకుండా. స్టవ్వు ఉంది, పొగ గొట్టం ఉంది, గోడకు నీళ్ల పైపు కూడా లాగించారు. సింక్ ఒక్కటే లేదు. నలుగురినీ పిలిచినప్పుడు పులిహోర కలిపిన గుండిగను ఇంట్లోకి మోసుకెళ్లి, బాత్‌టబ్‌లో పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని తోముతుంది. "ముందు దానికి స్నానం కానీ, తర్వాత నేను చేస్తా" అని సత్యం గుమ్మంలో తువ్వాలుతో నిలబడతాడట. కొత్తది ఆర్డర్ పెడతానని ఆయన ఎన్నిసార్లన్నా ఈవిడ పెట్టనివ్వదు. పాతదానికేం తక్కువని ఊరందరికీ చెప్పే మనిషి తన ఇంటికి కొత్తది ఎలా తెచ్చుకుంటుంది?

ఆ కొట్టులో ఒక నియమం ఉంది. పనిచేసేవాళ్లు ఏదైనా కొనుక్కోవాలంటే దానికి వాళ్లు ధర కట్టకూడదు, ఇంకొకరు కట్టాలి. పైగా ఆ రోజు కొట్టు మూసేదాకా అది అందరికీ కనబడేలా ఉండాలి. ఎవరూ కొనకపోతే అప్పుడు వాళ్లది. వసంతలక్ష్మి వెళ్లి డోరిస్‌ని పిలుచుకొచ్చింది.

డోరిస్ సింక్‌ని చూసింది, వసంతలక్ష్మి మొహం చూసింది. "నలభై," అంది.

"నలభయ్యా! కళ్లజోడు పెట్టుకుని చూడు డోరిస్. కొత్తది నాలుగు వందల పైమాటే. సొట్ట లేదు, గీత లేదు."

"ఉంది. ఇదిగో గీత."

వసంతలక్ష్మి కొంగు లేదు గనక చొక్కా అంచుతో రుద్దింది. గీత పోయింది. "సబ్బు మరక."

"సరే, అరవై. కొనుక్కునేది నువ్వే కదా వసంతా, నువ్వే పెంచుతావేమిటి?"

"నేనని తెలిసే తగ్గిస్తున్నావు. వేరేవాళ్లకైతే ఎంత పెట్టేదానివి?"

"వేరేవాళ్లయితే నాతో ఇలా పోట్లాడరు."

దేదీప్యకు నవ్వాగలేదు. ఈ ఆంటీతోనే మన బట్టల కొట్లుండే ఐసెలిన్ వెళ్లినప్పుడు చీరల కొట్టతను వీళ్లను గుమ్మంలో చూడగానే కుర్చీలు వేయించి మంచినీళ్లు తెప్పించాడు, బేరం ఎంతసేపు సాగుతుందో తెలుసు గనక. ఆ మనిషి ఇవాళ పైకి బేరమాడుతోంది. చివరికి నూట ఇరవై దగ్గర డోరిస్ రెండు చేతులూ ఎత్తేసి, చీటీ రాసి అంటించి, తల కొట్టుకుంటూ పోయింది.

"ఆంటీ, గా కేబినెట్ల వెనకకు పెడదామా? ఎవ్వలికి కనవడదు," అంది దేదీప్య మెల్లిగా.

"నోర్ముయ్యి," అని వసంతలక్ష్మి దాన్ని తానే లాక్కెళ్లి ముందు వరసలో పెట్టింది.

ఇక మధ్యాహ్నమంతా చూడాలి ఆవిడ అవస్థ. చేతులు కుళాయిల మీద, కళ్లు ముందు వరస మీద. ఒక కాంట్రాక్టర్ వచ్చి సింక్‌ని టేపుతో కొలిచాడు. ఆవిడ చేతిలో పెన్ను ఆగింది. ఆయన కొలత నప్పలేదేమో వెళ్లిపోయాడు. పెన్ను కదిలింది. ఒక ముసలాయన దాన్ని ఎత్తబోయి, నడుం పట్టుకుని మానుకున్నాడు. పాపం పెద్దాయన అంది వసంతలక్ష్మి, ఆ గొంతులో జాలి కన్నా ఊరటే ఎక్కువ వినబడింది దేదీప్యకు.

మూసే వేళ దగ్గరపడుతుండగా మనవాడొకడు వచ్చాడు. రఘువీర్ అట. పిస్కాటవేలో ఇల్లు కొన్నారు, వంటిల్లు సొంతంగా చేసుకుంటున్నారు. సింక్ చూడగానే మొహం వెలిగింది. వెంటనే భార్యకు వీడియో కాల్ చేసి, ఫోన్‌ని తొట్టి లోపలికి దించి మరీ చూపించాడు.

"చూసినవా నిధీ? మస్తున్నది. నూట ఇరవయ్యే."

"సింకా? సెకండ్ హ్యాండ్ సింకా?" ఫోన్‌లో గొంతు కొట్టంతా వినిపించింది. "ఎవలెవల ఎంగిలి కంచాలు కడిగిన్రో ఏమో. ఛీ, నాకొద్దు. ఎంగిలి సింక్‌ల నేను వంట గిన్నెలు కడుగాల్నా?"

రఘువీర్ ఒకసారి సింక్ వంకా, ఒకసారి ఫోన్ వంకా చూసి, "సారీ ఆంటీ," అని తలుపు వైపు నడిచాడు.

దేదీప్యకు ప్రాణం లేచొచ్చింది. గడియారం చూసింది. ఇంకెవరూ రారు. పక్కకు తిరిగి చూస్తే వసంతలక్ష్మి నోరు తెరిచి, మూసి, చేతిలోని కుళాయిని బల్ల మీద పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టింది.

"బాబూ, ఒక్క నిమిషం. ఆ ఫోన్ ఇలా ఇవ్వు."

"ఆంటీ!" అంది దేదీప్య. ఆవిడ వినలేదు.

"అమ్మాయ్, నా పేరు వసంతలక్ష్మి, ఇక్కడ ధరలు కట్టేదాన్ని. ఏ ఊరు మీది?"

"నల్గొండ ఆంటీ."

"మీ పెళ్లికి అన్నం వండిన గుండిగలు ఎక్కడివి? మీ ఇంట్లోవా?"

"కాదు... టెంట్ హౌస్ నుంచి తెచ్చిన్రు."

"వాటిలో అంతకుముందు ఎన్ని పెళ్లిళ్ల అన్నం ఉడికిందో లెక్కుందా? తినలేదూ మనం? మట్టికుండకమ్మా ఎంగిలి. స్టీలుకు లేదు. ఆరేసిన మడిబట్ట మీద కాకి నీడ పడ్డా మళ్లీ తడిపే మనిషి మా అమ్మమ్మ. ఆవిడే చెప్పింది ఈ మాట. చింతపండు పెట్టి తోమితే అది కొత్తదే."

వసంతలక్ష్మి ఫోన్‌ని రెండో చేతిలోకి మార్చుకుంది.

"పోనీ, మీరు కొన్న ఇల్లు కొత్తదా?"

"లేదాంటీ. పాతదే. యాభై ఏండ్ల ఇల్లు."

"మరి ఇల్లంతా ఎంగిలైతే పట్టలేదు గానీ, సింక్‌కి పట్టిందిటే?"

మొదట రఘువీర్ నవ్వాడు. తర్వాత ఫోన్‌లోంచి నవ్వు వచ్చింది. నవ్వుతూనే, "ఆంటీ, లోతెంతుంది?" అంది నిధి.

"మీ పెద్ద కుక్కర్‌ని పడుకోబెట్టి కడుక్కో."

ఆ మాటతో అయిపోయింది. రఘువీర్ కార్డు తీస్తూ, ఏమన్న తగ్గిస్తరా ఆంటీ అన్నాడు అలవాటు కొద్దీ. "ఒక్క డాలర్ తగ్గించను. పొద్దున దీని కోసం నేను పడ్డ తిప్పలు నీకేం తెలుసు," అంది వసంతలక్ష్మి. పాత దుప్పటి ఒకటి వెతికి తెచ్చి, సింక్‌ని చుట్టి, కారులో అంచు గీసుకోకుండా ఎలా పెట్టాలో చెప్పి, పెట్టించి మరీ పంపింది.

కారు మలుపు తిరిగేదాకా ఆగి దేదీప్య అందుకుంది. "మీకేమన్న పిచ్చి లేసిందా ఆంటీ? వాళ్లు వోతుండె గదా! ఇంకొంచెంసేపు ఊకుంటే అది మీ ఇంట్ల ఉంటుండె."

"ఉండేదే." వసంతలక్ష్మి బల్ల దగ్గరికొచ్చి కుర్చీలో కూలబడింది. "కొనకపోతే పోయింది గానీ, ఆ మాట అనేసి పోతే ఎలాగే? ఇక్కడున్నవన్నీ ఎవరో ఒకరు వాడి ఇచ్చినవే. వాటి మీద చీటీలన్నీ నా చేతి రాతే. ఎంగిలి అన్నప్పుడు నోరు మూసుకుని, ఆ మాట పుణ్యాన దక్కిన సింక్‌ని ఇంటికి తీసుకెళ్లి, రోజూ దాంట్లో ఏ మొహం పెట్టుకుని గిన్నెలు తోమను?"

దేదీప్య కుర్చీ పక్కకు వచ్చి నిలబడింది. ఆవిడ మొహంలో బాధేమైనా ఉందేమోనని వెతికింది. కాస్త ఉంది. కానీ దాని మీద ఇంకేదో ఉంది, పరీక్ష బాగా రాసి ఇంటికొచ్చిన పిల్ల మొహం మీద ఉండేలాంటిది.

"బాగా చెప్పాను కదూ? ఇల్లంతా ఎంగిలైతే పట్టలేదు గానీ అని..." తనలో తానే నవ్వుకుంటూ డబ్బా తీసింది వసంతలక్ష్మి. పొద్దుటి నుంచి ముట్టని దిబ్బరొట్టె. సగం విరిచి దేదీప్యకు ఇచ్చి, మిగతా సగం ఆకలిగా తింది. డోరిస్ వచ్చి ముందు వరసలోని ఖాళీ చూసి కనుబొమ్మలెగరేస్తే, "అనుకున్న ధరకే పోయింది," అని గర్వంగా చెప్పింది.

లైట్లు ఆర్పి ముగ్గురూ బయటికొచ్చారు. దేదీప్య కారు స్టార్ట్ చేస్తుంటే వసంతలక్ష్మి కిటికీ అద్దం మీద తట్టింది. దేదీప్య దించింది.

"ఒసేయ్, మీ ఆఫీసులో ఈ మధ్య ఇళ్లు కొన్నవాళ్లు చాలామంది ఉన్నారన్నావు కదా. సోమవారం వెళ్లగానే అందరినీ అడుగు, కిచెన్ ఎవరు పగలగొట్టిస్తున్నారో. కాంట్రాక్టర్ సుత్తి ఎత్తకముందే మాకు ఫోన్ చేయమను, మనుషులొచ్చి జాగ్రత్తగా ఊడదీసుకుంటారు, పైసా ఖర్చు లేదని చెప్పు. తలుపులు, లైట్లు, ఏదైనా సరే." కారు కదలబోతుంటే మళ్లీ వంగింది. "సింక్ ఒకటే తొట్టిదా, రెండా అని కూడా అడుగు. నా కోసమని మాత్రం చెప్పకు."