అమ్మ గూట్లోని ఇత్తడి బిళ్ళ

కొత్త సైకిలు ఇంటికొచ్చిన రోజు మా అమ్మ పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకుని దాని చుట్టూ తిరిగి, ముందుకొచ్చి ఆగిపోయింది.

"దీనికి మొకం ఏదిరా?" అంది.

గుండెకు స్టెంటు వేసిన డాక్టరు నడవమన్నాడు. మోకాళ్ళ డాక్టరు నడవొద్దన్నాడు. ఇద్దరికీ కుదిరిన రాజీ సైకిలు. నా భార్యే వెళ్ళి కొనుక్కొచ్చింది. అల్యూమినియం ఒళ్ళు, గేర్లు, ఒంటిచేత్తో ఎత్తగలిగేంత బరువు. హ్యాండిల్ కింద ముందు గొట్టం మాత్రం నా చిన్ననాటి సైకిళ్ళకు రెట్టింపు లావు. దాని మీద కంపెనీ పేరుతో ఒక స్టిక్కరు. అమ్మ దాన్ని గోటితో గీకి చూసి, "కాయితం" అని తేల్చేసింది. బొట్టు పెట్టకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

ఆమె బాధ బొట్టు గురించి కాదని తర్వాత తెలిసింది. మేముండేది కంచరపాలెంలో. సందు దాటితే చాలు, పోర్టు లారీలు. నేను ఉదయం సైకిలు తీస్తే, తిరిగొచ్చేదాకా అమ్మ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. ఎనభై దాటిన మనిషి. టిఫిను తిని షుగరు మాత్ర వేసుకోవాలి. తినమంటే, "నువ్వు రాందే ముద్ద దిగదురా" అనేది. ఒక రోజు నేను సందు మలుపు తిరిగేసరికి ఆమె కళ్ళు తిరిగి గేటు ఊచలు పట్టుకుని వేలాడుతోంది. ఆ పూటే సైకిలును వరండాలో గోడకు ఆనించి, ఇక తియ్యనన్నాను.

"తియ్యకపోతే నీ గుండెకేటి గతి?" అంది. కాసేపు అటూ ఇటూ తిరిగి, దేవుడి గూట్లో విగ్రహాల వెనక నుంచి ఇత్తడి బిళ్ళ తీసి నా ముందు పెట్టింది.

అది మా నాన్న సైకిలు ముందు గొట్టానికి ఉండేది. నాన్న పోర్టులో కలాసీ. సర్వీసంతా బొగ్గు దుమ్ములోనే ఆ సైకిలు మీద వెళ్ళొచ్చాడు. ఆయన పోయాక, తుప్పు పట్టిన సైకిలును పాతసామానుకు వేస్తుంటే అమ్మ అడ్డుపడి, మేకులు ఊడదీయించి, బిళ్ళ ఒక్కటీ ఉంచుకుంది. అప్పటినుంచీ దేవుళ్ళతో పాటు దానికీ ప్రతి శుక్రవారం చింతపండు స్నానం. తోమగా తోమగా బొమ్మ అరిగిపోయింది. హంస అని నేనంటాను. తెరచాప ఓడ అని గాజువాకలో ఉండే మా చెల్లెలంటుంది. అమ్మను తీర్పు చెప్పమంటే, "నానెప్పుడు సూసేను? బొట్టెట్టీదాన్ని, అంతే" అంది.

నిజానికి ఆ బిళ్ళను ఎక్కువగా చూసింది అమ్మే. సైకిలు తొక్కేవాడికి అది కనిపించదు. గేటు దగ్గర నిలబడి ఎదురుచూసేవాళ్ళకే కనిపిస్తుంది. సాయంత్రం ఎండ పడి సందు చివర పసుప్పచ్చగా మెరిస్తే, అమ్మ లోపలికొచ్చి టీ పెట్టేది. నాన్న ఇంకా అంత దూరాన ఉండగానే ఇంట్లో టీ వాసన వచ్చేది.

"మీ నాన్నని రోజూ ఇంటికి తెచ్చింది ఇదేరా. నీ బండికి బిగించు, నాను తింటాను" అంది.

పేపర్లో పని చేసినన్నాళ్ళూ ఇలాంటి మాటలకు ఆధారం ఏమిటని అడగడం నా అలవాటు. ఆ రోజు అడగలేదు.

బిళ్ళను నా చేతికి మాత్రం ఇవ్వలేదు. కొంగున ముడేసుకుని ఆటో ఎక్కింది. నేను సైకిలు మీద ముందు, ఆమె ఆటో వెనక. మధ్యలోకి ఇంకో బండి రాకుండా చూడమని డ్రైవరుకు హుకుం. ఎంతోమంది మంత్రుల కాన్వాయ్‌ల గురించి రాశాను కానీ, నాకంటూ ఎస్కార్టు దొరికింది అప్పుడే.

పూర్ణా మార్కెట్ వెనక సందులో ఒక భాయ్ దుకాణం ఉంది. తాయెత్తు గొట్టాలు చేస్తాడు, స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కుతాడు. బిళ్ళను వెలుతురుకు పెట్టి చూసి, సైకిలు గొట్టం మీద ఆనించాడు. అంచులు తగిలాయి. మధ్యలో ఖాళీ ఉండిపోయింది.

"పాత గొట్టం సన్నం సార్, ఇది లావు. వంపు తియ్యాల. ఇదిగో, మేకు కన్నం కాడ నెర్ర సూడండి. సుత్తి పడితే రెండు ముక్కలు."

"కాల్చి మెత్తబరిస్తే?" అన్నాను.

"మరీ పల్చబడిపోనాది సార్. గ్యారంటీ లేదు. నాను సెయ్యను."

అమ్మ చెయ్యి చాపింది. బిళ్ళ వెనక్కి తీసుకోవడానికే అనుకున్నాను. తీసుకుంటే అది మళ్ళీ గూట్లోకి, నేను వరండాలోకి. ఆమె చెయ్యి బిళ్ళ దాకా వెళ్ళి, పైనున్న కొక్కేనికి వేలాడుతున్న తాయెత్తుల వైపు తిరిగింది.

"బాబూ, ఇయ్యి కట్టినప్పుడు దండసెయ్యి లావు సూసి తాయెత్తు వంచుతావేటి?"

"ఎందుకు వంచుతానమ్మా? దారం ఏసి కట్టెయ్యడమే."

"మరి కట్టీ."

భాయ్ నా వైపు చూశాడు, నేను భాయ్ వైపు చూశాను. అతను పకపకా నవ్వాడు. "అరె అమ్మా! తాయెత్తు కొడుక్కి కడతారు గాని సైకిలుక్కడతారా?"

"ఆడికీ కట్టేను. స్టెంటు పడింది."

ఆ తర్వాత ఇద్దరికీ బేరం కుదరలేదు. డబ్బు దగ్గర కాదు, దారం దగ్గర. ఆమె నల్లతాడు అంటుంది. సముద్రం గాలికి తాడు కుళ్ళిపోద్ది, తోలు పట్టీ వెయ్యాలంటాడు అతను. చివరికి తోలే గెలిచింది. మేకు కన్నాల అంచులు పట్టీని కొయ్యకుండా ఆకురాయితో నునుపు చేశాడు. వెనక ఖాళీలో మెత్తటి తోలు ముక్క పెట్టాడు. ముందు వేలాడే గేరు వైర్లను పక్కకు తప్పించి, పట్టీ లాగి బిగించాడు. అంతసేపూ అమ్మ దూడను పట్టుకున్నట్టు హ్యాండిల్ పట్టుకునే ఉంది. పని కాగానే అక్కడే, సందులోనే, బొట్టు పెట్టింది. భాయ్ లోపల్నుంచి రెండు అగరొత్తులు తెచ్చి వెలిగించి ఇచ్చాడు.

మర్నాడు ఉదయం నేను సైకిలు తీస్తుంటే అమ్మ పెరటి మునక్కాడలు కట్ట కట్టి తెచ్చింది.

"గాజువాకెల్లి సెల్లికిచ్చి రా."

నా భార్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "అత్తయ్యా! ఆ రోడ్డు మీద లారీలేటి, కొండలే ఎల్తాయి!"

"ఎల్తే ఎల్లనీ. నాకు ఆకలేత్తంది, ఇడ్లీ ఎట్టు ముందు."

వెళ్ళాను. లారీలకు దారిచ్చుకుంటూ, భయమేసిన చోట దిగి నడుస్తూ. ఇదే దుమ్ములో ఒక మనిషి మా కోసం అన్నేళ్ళు తొక్కాడు కదా అనుకున్నాను. ఆయన ఉండగా ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు. తోలు పట్టీ వేసిన భాయ్‌కీ ఆ హడావిడిలో సరిగ్గా చెప్పలేదు. ఇద్దరికీ ఇక్కడ చెబుతున్నాను.

చెల్లెలి ఇంటి ముందు దిగి, చేరానని ఫోన్ చేశాను. నా భార్య ఎత్తింది. అమ్మ తిని, మాత్ర వేసుకుని, పడుకుందట. లేపవద్దన్నాను. అయినా వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"కాడలు ముదిరిపోనాయో లేతగున్నాయో, సెల్లినడిగి సెప్పమను."