ఆదోనిలో షీల్డు గెలిపించిన మా డ్రిల్లు సారు

మా డ్రిల్లు సారు పోయి పదకొండు రోజులైంది. ఆ పొద్దున నేను మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని తెగిన పోగు అతుకుతున్నాను. మా హాకీ జట్టు గోల్‌కీపరు సైకిలును వీధిలోనే పడేసి లోపలికి వచ్చాడు. "సారు పోయినాడన్నా. టీ తాగుతా తాగుతా గ్లాసు పక్కన పెట్టి ఒరిగిపోయినాడంట" అన్నాడు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. రెండు నెలల కిందట భుజానికి తగిలిన దెబ్బకూ దీనికీ ఏ సంబంధమూ లేదన్నాడు. నేను ఆయన్ని మూడుసార్లు అడిగాను, మూడోసారి విసుక్కున్నాడు. అన్నిసార్లు ఎందుకు అడిగానో చెప్పకుండా సారు గురించి నాలుగు మంచి మాటలు రాసి ఊరుకుంటే అది ఆయనకు మర్యాద చేసినట్టు కాదు.

నేను ఆటగాణ్ని కాను. ఎమ్మిగనూరులో చీరలు నేసేవాణ్ని. వంద గజాలు పరిగెత్తితే ఆయాసం వస్తుంది. కానీ నోరుంది, కోపముంది. ఆ రెండింటితోనే ఇన్నేళ్లూ మా జట్టు వెంట తిరిగాను. హాకీలో మన దేశం ప్రపంచ కప్పు గెలిచిందని రేడియోలో విన్న ఏడాదే సారు మా బడికి వచ్చాడు. బడి మానేసి మగ్గాల్లో దిగిన కుర్రాళ్లను సాయంత్రాలు పోగేసి జట్టు కట్టాడు. కర్రలు ఊరికే చీలిపోయేవి. చీలినచోట గంజిలో నానబెట్టిన నూలు బిగించి చుట్టి ఎండబెడితే రాయిలా గట్టిపడేది. ఆ పని నాది. ఆ వారం మగ్గం మీద ఏ రంగు నూలుంటే కర్రకూ ఆ రంగే. మరీ చితికిపోయి ఆటకు పనికిరాని కర్రలకూ అలాగే చుట్టి, అభిమానులం తలా ఒకటి పట్టుకుని మ్యాచ్‌లకు పోయేవాళ్లం. గోల్ పడితే గాల్లో ఊపడానికని చెప్పేవాళ్లం. ఊపడానికి కాదని అందరికీ తెలుసు.

ఆదోనితో ఆట నెత్తురు కారకుండా ముగిసిన ఏడాది లేదు. ఎనిమిదేళ్లు వాళ్ల ఊరికి పోయి ఓడి వచ్చాం. ఒక ఏడు మా రైట్ హాఫ్ ముందు పళ్లు రెండూ అక్కడి గరుసు నేల మీద రాలాయి. ఆట ఆపి వెతికితే ఒకటే దొరికింది. ఇంకో ఏడు మా బస్సు అద్దాలన్నీ రాళ్లతో పగలగొట్టారు, సీట్ల నిండా గాజు పెంకులు, ఊరు చేరేదాకా నిలబడే వచ్చాం. మేమేమీ తక్కువ తినలేదు. వాళ్లు మా ఊరికి వచ్చినప్పుడు గోల్ వెనక నిలబడి వాళ్ల కీపరు కళ్లలో ఇసుక కొట్టింది నేనే. వాడు గుడ్డిగా కర్ర తిప్పితే సొంత జట్టువాడి చెవి తెగింది. మేం విరగబడి నవ్వాం. సారు నన్ను చొక్కా పట్టుకుని మైదానం బయటికి ఈడ్చుకుపోయి చెంప పగలగొట్టాడు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు, పెళ్లయినవాణ్ని, చుట్టూ జనం. "నీ కండ్లల్లో కొట్టుకో ఇసుక, ఎట్లుంటాదో సూడు" అన్నాడు. నాకు సిగ్గు కలగలేదు. ఆదోని మీద కసి ఇంకాస్త పెరిగింది, అంతే.

సారు పొట్టి మనిషి. మ్యాచ్ జరిగినంతసేపూ గీత వెంట నడుస్తూనే ఉండేవాడు, కుర్చీ వేసినా కూర్చునేవాడు కాదు. జేబులో ఎప్పుడూ వేయించిన శనక్కాయలు ఉండేవి. దెబ్బ తగిలి పడ్డవాడు లేచి నిలబడితేనే వాడి చేతిలో నాలుగు గింజలు పెట్టేవాడు. "ముందు లెయ్యి, లేసినాక ఏడ్సు" అనేవాడు. ఎవరికీ బంతి అందించకుండా ఒక్కడే పరిగెత్తేవాణ్ని, "ఏమప్పా, బంతికి తాళి గట్టినావా, ఇడ్సిపెట్టవు?" అని అందరి ముందూ ఆటపట్టించేవాడు. మా లెఫ్ట్ అవుట్‌కు ఆ మాటతో పెళ్లికాకముందే సంసారి అని పేరొచ్చింది.

ఆయనది కైరుప్పల. ఉగాది వెళ్లగానే ఊరు రెండుగా చీలి పిడకలతో కొట్టుకునే ఊరు. తలలు పగిలినవాళ్లు గుడిలో విభూతి పూసుకుని ఇళ్లకు పోతారు. చిన్నప్పుడు తగిలిన పిడక దెబ్బ మచ్చ సారు కనుబొమ్మ మీద ఉండేది. ఎవరు కొట్టారని అడిగితే, "మా ఇంట్లో ఆ మాట అడగరప్పా. ఆ పొద్దు దెబ్బ ఆ పొద్దుతోనే సరి. మర్సటి దినం ఎవురు కొట్టినారని అడిగేదే తప్పు" అనేవాడు. ఆటలో కూడా అలాగే ఉండమని పోరేవాడు. మేం వినేవాళ్లం కాదు.

ఈ ఏడు షీల్డు పోటీల్లో మా జట్టు ఆడిన ఆటను నేను చచ్చేదాకా మరిచిపోను. ఆలూరులో మొదటి మ్యాచ్‌లోనే మూడు గోల్స్ కొట్టాం. బంతి దొరికితే వదలని మా లెఫ్ట్ అవుట్ కూడా ఈ ఏడు పక్కవాడికి అందించాడు. నందవరం జట్టు ఓడిపోతున్నామని తెలిసి గుద్దులకు దిగింది. పక్కటెముకల మీద దెబ్బ తిన్న మా సెంటర్ ఫార్వర్డ్ గీత బయటికి పోయి కక్కుకుని, నోరు తుడుచుకుని తిరిగొచ్చి ఇంకో గోల్ కొట్టాడు. ఆఖరాట ఆదోనిలో, జిన్నింగు మిల్లు వెనక మైదానంలో. వాళ్ల ఫుల్‌బ్యాక్ ఆరడుగుల మనిషి, మిల్లులో దూది బేళ్లు ఎత్తే పని. ఎనిమిదేళ్లుగా ఆ మనిషిని దాటుకుని పోవడమే మావల్ల కాలేదు.

ఆట ముగిసే వేళకు చెరొక గోల్. మాకు పెనాల్టీ కార్నర్ దొరికింది. సెంటర్ ఫార్వర్డ్ కొట్టిన బంతి ఫుల్‌బ్యాక్ కాళ్ల మధ్యగా దూరి గోల్ లోపలి చెక్కకు టప్పున తగిలింది. గోల్. నా గొంతు అక్కడే పోయింది. అదే ఊపులో గాల్లోకి లేచిన ఫుల్‌బ్యాక్ కర్ర దిగేటప్పుడు మావాడి నోటి మీద దిగింది. కావాలని కొట్టాడో లేదో నేను చూడలేదు. చూడాలని కూడా అనుకోలేదు. మావాడు నెత్తురు ఉమ్ముతూ కూలబడ్డాడు. నాలుగు వైపులనుంచీ జనం లోపలికి దూకారు. ఒకడు రాయితో ఒకడి తల చితక్కొడుతున్నాడు, కింద పడ్డవాళ్లను బూట్లతో తొక్కుతున్నారు, దుమ్ములో ఎవరు ఎవరో తెలియడం లేదు.

నేను పసుపుపచ్చ నూలు చుట్టిన కర్ర పట్టుకుని ఉరికాను. ఫుల్‌బ్యాక్ వీపు నా వైపు ఉంది, వంగి ఎవరినో లేపుతున్నాడు. కాలికో చేతికో కాదు, నేను తలకే గురిపెట్టాను. రెండు చేతులా ఎత్తి బలంకొద్దీ దించాను. సారు ఎక్కణ్నుంచి వచ్చాడో మధ్యలోకి వచ్చాడు. దెబ్బ ఆయన ఎడమ భుజం మీద పడింది. ఫట్‌మని చప్పుడైంది. కర్ర విరిగిందనుకుని చూసుకున్నాను. కర్ర బాగానే ఉంది.

ఆయన పడలేదు. కుడిచేత్తో ఈల నోట్లో పెట్టుకుని ఊపిరున్నంతసేపూ ఊదాడు. "కర్రలు కింద పెట్టండ్రా" అని అరిచాడు. ఆయన ఎడమచెయ్యి వేలాడటం చూసి ఒక్కొక్కరే కర్రలు వదిలేశారు. నేను మాత్రం నా కర్రను బస్సు దాకా మోసుకుపోయి సీటు కింద తోశాను. సారును ఆసుపత్రికి తీసుకుపోయారు, మేం షీల్డుతో ఊరికి బయలుదేరాం. "ఆ ఫుల్‌బ్యాక్ నా కొడుకే సారును కొట్టినాడు" అన్నారు బస్సులో ఎవరో. ఎమ్మిగనూరు వచ్చేసరికి అది అందరూ కళ్లారా చూసిన సంగతి అయిపోయింది. నేను కాదనలేదు. అందరికంటే గట్టిగా అతన్ని తిట్టింది నేనే.

మూడో నాడు సారు ఇంటికి పోయాను. దండెం మీద ఆయన మ్యాచ్ నాటి చొక్కా ఉంది. చిరిగిన భుజం దగ్గర గంజి పట్టిన పసుపుపచ్చ పోగులు రెండు అంటుకుని ఉన్నాయి. నేను వాటిని చూడటం ఆయన మంచం మీంచి చూశాడు. "సారూ, ఆ దినం..." అన్నాను. "నేను అడగలేదు గదప్పా" అని నా చేతిలో శనక్కాయలు పెట్టాడు. ఇంటికి పోతూ అవి నమిలాను. గండం గడిచిందని హాయిగా అనిపించింది. ఈ మాట రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

నెల తిరగకముందే ఆ ఫుల్‌బ్యాక్ దూది లారీలో మా ఊరికి వచ్చాడు. మా జట్టువాళ్లు నలుగురు అతన్ని లారీ మీంచి కిందికి లాగారు. కుడిచెయ్యి బండమీద పెట్టించి, "సారును ఏ చేత్తో కొట్టినావురా?" అని అడిగారట. అతను "నేను కొట్టలే" అన్నప్పుడల్లా వేళ్ల మీద ఒక దెబ్బ. మూడు వేళ్లు నుజ్జయ్యాయి. కొట్టినవాళ్లే ఆ సాయంత్రం టీ అంగట్లో గొప్పగా చెప్పారు. నేను వింటూ తల ఊపాను.

సారు చెయ్యి మెడకు కట్టుకునే బస్సెక్కి ఆదోని పోయి, ఆసుపత్రిలో అతని పక్కన కూర్చుని వచ్చాడు. మర్నాడు నన్ను పిలిపించాడు. ఆయన గొంతు అంత చిన్నగా ఉండగా నేను ఎప్పుడూ వినలేదు. "నా దెబ్బ నాది, దాన్ని నేను అడగను. వాని చెయ్యి నాది గాదప్పా, ఒదిలేసేకి. నువ్వు సెప్పాల్సింది నాకు గాదు. మనోళ్లకు సెప్పు."

"రేపు సెప్తా సారూ" అన్నాను.

రేపు చెప్పలేదు. మావాళ్లు నన్నేం చేస్తారోనని భయం, పరువు పోతుందని భయం. సారు మళ్లీ అడగలేదు. వీధిలో ఎదురైతే నా మొహం చూసేవాడు, నేను తల దించుకుంటే నడిచిపోయేవాడు. అలా మూడు వారాలు గడిచాయి. ఆయన బతికుండగా చెప్పడానికి నాకు ఇరవై పొద్దులు దొరికాయి, ఒక్కటీ వాడుకోలేదు.

సారు పోయిన నాటి మధ్యాహ్నం శవాన్ని ఎత్తబోతుండగా ఆదోని ఫుల్‌బ్యాక్ వచ్చాడు. కుడిచేతికి ఇంకా కట్టు ఉంది. మా సెంటర్ ఫార్వర్డ్ పాడె కట్టగా మిగిలిన వెదురుకర్ర అందుకున్నాడు. "సారును సంపినోడు యాడికొచ్చినాడో సూడండ్రా!" అన్నాడు. ఫుల్‌బ్యాక్ కదల్లేదు. "మీ సారు దవాఖానాకి వచ్చి నా పక్కన కూసున్నాడు భాయ్. ఒక్కసారి సూసి పోతా" అన్నాడు. వెదురుకర్ర పైకి లేచింది.

"కొట్టింది నేను" అన్నాను. ఎవరికీ వినపడలేదు. రెండోసారి అరిచాను. ఆ కర్ర సంగతీ, ఎవరి తలకు గురిపెట్టానో ఆ సంగతీ అన్నీ చెప్పాను. సెంటర్ ఫార్వర్డ్ ఇటు తిరిగాడు. మొదటి దెబ్బ దవడ మీద, రెండోది ముక్కు మీద పడింది. తర్వాత ఎవరెవరు కొట్టారో తెలియదు, నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. గడపలోనుంచి సారు భార్య గొంతు వినిపించింది. "సాలు. మనిషిని ఎండలో పండబెట్టి ఏం పనిది? ఎత్తండి."

నన్ను ఎవరూ రమ్మనలేదు. ఫుల్‌బ్యాక్ వెనక వైపు పాడెకు ఎడమ భుజం పెట్టాడు. పక్కన నిలబడ్డ మా గోల్‌కీపరును జరగమని, నెత్తురు తుడుచుకుంటున్న నా వైపు చూసి "రా" అన్నాడు. పోయి పాడెకు వెనక రెండో కొమ్ము ఎత్తుకున్నాను. నేను అతని భుజానికి కూడా రాను. పాడె నా వైపుకు వాలింది, సారు దేహం నా మీదికి జారింది. ఫుల్‌బ్యాక్ అది చూసి మోకాళ్లు వంచాడు. పాడె సరిగ్గా నిలిచింది. శ్మశానం మైలు దూరం. అంత దూరమూ ఆ పొడుగు మనిషి అలా మోకాళ్లు వంచుకునే నా పక్కన నడిచాడు.