సున్నా వరుసలో రైతు

ఎనభైల చివర మహబూబాబాద్‌లో, బావి మోటార్ల కరెంటు దరఖాస్తులు చూసే ఆఫీసులో ఉన్న ఒక్క కంప్యూటర్‌కు మేం ఇద్దరం ప్రోగ్రాములు రాసేవాళ్లం. ఎవరైనా వాడుకునేలా చిన్న చిన్న ముక్కలుగా రాయాలన్నది మా గొప్ప ఆశయం. దరఖాస్తు వరుస సంఖ్యకు ప్రోగ్రాంలో ఓ పేరుండాలి; దాని ఇంగ్లిషు మాటలో అచ్చులు తీసేసి నేను పేరు పెట్టాను. నాతో పనిచేసే అన్న తన ముక్కలో మొదటి మూడక్షరాలే ఉంచాడు. ఎవరి కుదింపు వారికి ముద్దు. తెలియని పేరు కనబడితే ఆ యంత్రం అడగదు, సున్నా అనుకుని ముందుకు పోతుంది.

అన్న ముక్క ఇచ్చిన సంఖ్యలన్నీ నా ముక్కకు సున్నాలయ్యాయి. సున్నా పడ్డ రైతుల పేర్లు కరెంటు జాబితాలో రాలేదు. దంతాలపల్లి రైతు ఒకాయన మూడోసారి వచ్చాడు. చేను ఎండుతోంది.

"బాపూ, మేమిద్దరం ఒక్కదానికే రెండు పేర్లు పెట్టినం. గందుకే నీ నంబరు పోయింది," అన్నాను.

"నన్ను ఇంట్ల ఓ పేరుతోని, ఊర్ల ఓ పేరుతోని పిలుస్తరు సారూ. రెండిటికీ పలుకుత. గీ డబ్బకు గంత నామోషీ ఏంది?"

సాయంత్రం దాకా కూర్చుని అన్ని ముక్కల్లోనూ కుదించకుండా ఒకే పూర్తి పేరు టైపు కొట్టాం. ఈసారి ఆయన పన్నెండో వరుసలో వచ్చాడు. కాగితం చూసుకుని, "ఇగ కరెంటెప్పుడొస్తది?" అన్నాడు.

దానికి మా దగ్గర ప్రోగ్రాం లేదు.