దీదీ దిద్దుకున్న మాట

పోయిన మంగళవారం మా తమ్ముడు భిలాయి నుంచి నాగపూర్‌లోని మా ఆఫీసుకి ఫోన్ చేశాడు. "అక్కా, దీదీ నహీ రహీ," అన్నాడు. అక్కడే పుట్టి పెరిగినవాడు, గుండె బరువెక్కితే వాడికి హిందీయే వస్తుంది. పోయింది ఏ దీదీ అని నేను అడగలేదు. సెక్టర్ 7లో మా వీధి మొత్తానికి దీదీ ఒక్కరే. ఆవిడకంటే పెద్దవాళ్లు కూడా చాలామంది ఆవిడని అలా అక్కా అనే పిలిచేవారు.

విజయనగరం వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం వాళ్లది. భిలాయి ఉక్కు ప్లాంటులో, కంప్యూటర్ సెక్షన్‌లో ఆవిడకి ఉద్యోగం. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం చర్చి నుంచి రాగానే ముందు గదిలో చాప పరిచి వీధి పిల్లలకి కంప్యూటర్ పాఠం చెప్పేవారు. ఇంట్లో కంప్యూటర్ లేదు. మేం నోట్‌బుక్‌లో ప్రోగ్రాం రాసి ఇస్తే, పెన్సిల్ పట్టుకుని ఆవిడే మిషను అయిపోయేవారు. ఒక్కో లైనూ చదివి మేం రాసిందే చేసేవారు, మా మనసులో ఉన్నది చేసేవారు కాదు. "ఇక్కడ ఫుల్‌స్టాప్ లేదు. నేను ఆగిపోయాను," అని పెన్సిల్ కింద పెట్టేసేవారు. అర్థమైంది కదా దీదీ, ముందుకెళ్లండి అని బతిమాలితే, "మిషనుకి మొహమాటం ఉండదమ్మా," అనేవారు.

నేను బీఎస్సీ పూర్తి చేసిన ఏడు నాన్న నన్ను ఆవిడ దగ్గరికి తీసుకెళ్లారు. నాన్నది అదే ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పని. రెండేళ్లలో రిటైర్మెంటు. అప్పుడు ప్లాంటు వాళ్లిచ్చిన క్వార్టరు ఖాళీ చెయ్యాలి. తమ్ముడింకా స్కూల్లోనే ఉన్నాడు.

"సెల్లమ్మా, ఈ కంప్యూటర్లో బోల్డు బాషలున్నాయంట గదా. ఏటి నేర్సుకుంటే పిల్లకి నౌకరీ వస్తాది?" అని అడిగారు.

దీదీ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "కోబాల్, అన్నయ్యగారూ. మా సెక్షన్లో జీతాలు, స్టోర్సు అన్నీ దాని మీదే నడుస్తన్నాయి. పక్కా."

నాతో చదివినవాళ్లు సి అనే భాష నేర్చుకుంటున్నారని గొణిగాను. "ఆళ్ల మాట మనకేటి? దీదీ సెప్పింది గదా," అన్నారు నాన్న.

ఏడాది పాటు కోబాలే లోకంగా చదివాను. పేపర్లో ప్రకటన చూసి అప్లికేషన్ పెడితే నాగపూర్‌లో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది. నాన్న షిఫ్టు మార్చుకుని తోడు వచ్చారు. లోపల కూర్చున్నాయన నా కాగితాలు తిరగేసి, సి వచ్చా అని అడిగాడు. రాదన్నాను. మా దగ్గర పనంతా సిలోనే అని కాగితాలు మర్యాదగా తిరిగిచ్చేశాడు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. తిరుగు రైల్లో డొంగర్‌గఢ్ స్టేషన్ దాటాక నాన్న, "సీ అంటే ఏటమ్మా?" అన్నారు.

ఆ తర్వాత నేను దీదీ ఇంటికి వెళ్లడం మానేశాను. నా ఏడాది ఆవిడ వల్లే పాడైందని అమ్మతో అన్నాను కూడా. నాలుగో ఆదివారం ఆవిడే వచ్చారు. అమ్మ కుర్చీ వేసినా కూర్చోలేదు.

"అన్నయ్యగారూ, తప్పు నాది. నేను పని చేసే చోటు సూసి సెప్పాను గానీ, అమ్మాయి పనికెళ్లాల్సిన చోటు సూడలేదు. నాకు తెలీదని సెప్పుంటే ఏడాది మిగిలేది."

నాన్న కంగారుపడ్డారు. "అయ్యో, మీరేటి సేస్తారమ్మా!"

"సేస్తాను," అని ఆవిడ నా వైపు తిరిగారు. "సి నాకూ రాదు. ఇద్దరం కలిసి నేర్సుకుందామా?"

అంతవరకూ దాచుకున్న కోపం ఎటు పోయిందో తెలియదు. తలూపాను.

భిలాయిలోనే, సుపేలా బజారులో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాం. ఆవిడకి నలభై దాటాయి, మా సర్‌కి పాతికేళ్లు కూడా లేవు. ఆయన లోపలికి రాగానే అందరికంటే ముందు దీదీ లేచి నిలబడేవారు. ఆయన ఇబ్బందిపడి, "ఆంటీజీ, బైఠియే," అని కూర్చోబెట్టేవాడు. సిలో అందరినీ తికమకపెట్టే పాయింటర్ల పాఠం రెండు వారాలు నడిచింది. అర్థం కాకపోయినా మేమందరం తలాడించేవాళ్లం. దీదీ ఒక్కరే చెయ్యెత్తి, సర్, నాకు అర్థం కాలేదు అనేవారు. మళ్లీ మళ్లీ అనేవారు. ఆవిడ అడగబట్టే మాకూ అర్థమైంది. ఆదివారాలు పెన్సిల్ నా చేతికొచ్చింది. ఆవిడ రాసిన ప్రోగ్రాంలో తప్పు దగ్గర నేను ఆగిపోతే, మొహమాటం లేకుండా ఆగినందుకు ముచ్చటపడేవారు.

పరీక్షలో నాకు ఫస్ట్ క్లాసు వచ్చింది. ఆవిడ అత్తెసరు మార్కులతో గట్టెక్కారు. నాన్న రిటైరయ్యేలోగా నాకు నాగపూర్‌లోనే మరో కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఆ సి దీదీకి ప్లాంటులో ఏనాడూ అవసరపడలేదు.

ఇప్పుడు రెండువేల సంవత్సరం వస్తోందని, పాత ప్రోగ్రాముల్లో తారీకులు సరిచెయ్యడానికి కోబాల్ తెలిసినవాళ్లని అందరూ వెతుక్కుంటున్నారు. మా ఆఫీసులో నన్నూ ఆ పనిలోనే వేశారు. పోయిన దీపావళికి ఇంటికెళ్లినప్పుడు, "చూశారా దీదీ, చివరికి మీ మాటే నిజమైంది," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "కాదమ్మా. ఇదంతా తెలిసి సెప్పలేదు గదా నేను. కలిసొచ్చింది, అంతే. దాన్ని నా తెలివి అనకు."

అప్పటికే బాగా చిక్కిపోయారు. ఎండల వల్ల అన్నారు. దీపావళికి ఎండలేమిటని నాకు తోచలేదు.

నేను భిలాయి చేరేసరికి మట్టి కూడా వేసేశారు. తిరిగి వచ్చేటప్పుడు పక్కనే ఉన్న దుర్గ్ స్టేషన్‌లో బండెక్కుతుంటే, ఉద్యోగానికి మొదటిసారి బయల్దేరిన రోజు కళ్లముందుకొచ్చింది. ఆ రోజు దీదీ డ్యూటీ దిగి తిన్నగా స్టేషన్‌కి వచ్చేసరికి బండి కదులుతోంది. హడావుడిగా కిటికీలన్నీ వెతికి, వెనక బోగీలో ఎవరినో చూసి నేననుకుని చెయ్యి ఊపడం మొదలుపెట్టారు. "దీదీ, ఇటు!" అని అరిచాను. చక్రాల చప్పుడులో వినిపించలేదు. అంతలో ఆ కిటికీలోంచి ఎవరిదో గాజుల చెయ్యి బయటికొచ్చి, తిరిగి ఊపింది. దీదీ మొహం విప్పారింది. ప్లాట్‌ఫాం అయిపోయేదాకా ఆ చెయ్యి పక్కనే వేగంగా నడుస్తూ, దానికి ఏవో జాగ్రత్తలు చెబుతూనే ఉన్నారు.