ఒళ్లో పోయిందని చెప్పాను

ఐర్లండులోని పోర్ట్‌లీష్‌లో మా వీధి పిల్లల దృష్టిలో నేను పులిని కొట్టినవాణ్ణి. బస్సు డిపోకి మేనేజరుగా ఉన్న రోజుల్లో అడవిదారిలో పులి అడ్డం వస్తే గొడుగుతో అదిలించి పంపేశానని వాళ్లకు చెప్పాను. నిజానికి నేను మేనేజరుని కాదు, కండక్టరుని. అది పులీ కాదు, డిపో వెనక తిరిగే కుక్క. అదిలించింది కూడా అదే. పిక్క మీద దాని పంటిగాటు ఇప్పటికీ ఉంది.

ఉన్నదాన్ని పెంచి చెప్పడం నాకు మొదటినుంచీ అలవాటు. ఎవరికేం నష్టం అనుకునేవాణ్ణి. మా ఆవిడ ఉన్నన్నాళ్లూ పక్కనుంచి, "సగం తీసేసి వినండి," అని వచ్చినవాళ్లకు చెప్పేది. ఆవిడ పోయాక, ఇక్కడ నర్సుగా పనిచేస్తున్న మా అమ్మాయి నన్ను తన దగ్గరికి తెచ్చుకుంది. సగం తీసేసే మనిషి లేక, నా మాటలు పూర్తి సైజులోనే ఊళ్లోకి వెళ్లడం మొదలుపెట్టాయి.

పక్కింట్లో ఒక ఐరిష్ తల్లీ కొడుకూ ఉండేవాళ్లు. కొడుక్కి ఇరవై ఆరేళ్లు, కరెంటు పని చేసేవాడు. తల్లి జబ్బుచేసి పోయింది. వాడికి ఆవిడ మిగిల్చి వెళ్లినది ఒక ముసలి గ్రేహౌండ్ కుక్క. కుర్రతనంలో పందాల్లో పరిగెత్తి, ఇక గెలవదని ఎవరో వదిలేస్తే ఆవిడ తెచ్చుకుందట. బూడిద రంగు, బయటికి కనిపించే పక్కటెముకలు, తడిసినట్టుండే పెద్ద కళ్లు. వాడు దాన్ని ముసలావిడ అనేవాడు. పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు.

కరోనా మాట ఇంకా టీవీలో చైనా సంగతిగా వినిపిస్తున్న చలికాలం చివర్లో, ఒకరోజు వాడు గోడ దగ్గరికి వచ్చాడు. మా మనవరాలి స్నేహితులు నన్ను అంకుల్ అని పిలవగా విని వాడికీ ఆ పిలుపు పట్టుబడింది.

"అంకుల్, మీరు వేటకుక్కల్ని పెంచారన్నారు కదా?"

"పెంచానా! ఇరవై."

"నేను ఆస్ట్రేలియా వెళ్తున్నాను. ఈ అద్దె ఇల్లు అమ్మ పేరు మీద ఉండేది, లీజు అయిపోయింది. నా ఒక్కడి జీతానికి ఈ ఊళ్లో గది కూడా రాదు. నాతో చదివినవాళ్లలో సగంమంది అక్కడే ఉన్నారు." గోడ మీదికి వంగి, "ముసలావిణ్ణి మూణ్ణెల్లు చూసుకుంటారా? పని కుదిరి, పెరడున్న ఇల్లు దొరకగానే విమానంలో తెప్పించుకుంటాను. మా అమ్మది అంటూ నాకు ఇంక ఉన్నది అదే," అన్నాడు.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. కుక్క కనిపిస్తే రోడ్డుకి అవతలి పక్కకి పోతాను నాయనా, అంటే సరిపోయేది. నేను మాత్రం, "ఇరవైని సాకినవాడికి ఇదొక లెక్కా?" అన్నాను.

మా అమ్మాయి ఆ సాయంత్రం నెత్తి కొట్టుకుంది. "కుక్క అంటే ఆమడదూరం పోయే మనిషివి, నీకెందుకు నాన్నా ఈ పెద్దరికం?"

వాడు వెళ్లే రోజున దాని కోటు, గిన్నె, మెడపట్టీ, తాడు, ఒక కాగితం తెచ్చిచ్చాడు. ఏం పెట్టాలో ఏం పెట్టకూడదో రెండు పక్కలా రాశాడు. ఇరవై కుక్కల యజమాని కాగితం చదువుతూ కనిపిస్తే ఏం బాగుంటుంది? మడిచి వంటింటి ప్రెస్‌లో, పప్పు డబ్బాల వెనక పెట్టాను. ఇక్కడ అల్మారాని అలాగే అంటారు.

పది రోజులపాటు అది ముందుగదిలో ఉంటే నేను వంటింట్లో, అది వంటింట్లోకొస్తే నేను మేడ మీద. ఆ తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. డెబ్బై దాటినవాళ్లు గడప దాటకూడదన్నారు. మా అమ్మాయి ఆసుపత్రి నుంచి వచ్చి వెనక తలుపు దగ్గరే బట్టలు మార్చుకుని, నాకు దూరంగా మెట్ల మీద కూర్చుని అన్నం తినేది. అల్లుడు మందుల ఫ్యాక్టరీ షిఫ్టులకి పోయేవాడు. మనవరాలి బడి లాప్‌టాప్‌లో నడిచేది. ఇంట్లో నన్ను ముట్టుకునే ప్రాణి అదొక్కటే. ఒక మధ్యాహ్నం, నేను కిటికీ పక్క కుర్చీలో ఉండగా, వచ్చి ఆ పొడుగు మూతిని నా మోకాలి మీద పెట్టింది. భయంతో కదల్లేదు. కాసేపటికి, భయం పోయాక కూడా, కదల్లేదు.

ఆదివారం పొద్దున వాడి దగ్గర్నుంచి వీడియో కాల్ వచ్చేది. అక్కడ సాయంత్రం. వాడి గొంతు వినగానే అది చెవులు నిక్కబొడుచుకుని లేచేది, ఫోన్ వైపు రాకుండా వెనక తలుపు దగ్గరికి పోయి నిలబడేది. వాడు ఆ తలుపులోంచే వస్తాడని దాని లెక్క. ఆ సంగతి నేను వాడికి చెప్పలేదు.

వాడు నాలా కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. అక్కడి లైసెన్సు లేనిదే వైరు ముట్టుకోనివ్వరు, ఆ కాగితాలిచ్చే ఆఫీసులు మూశారు. వెనక్కి వద్దామంటే మళ్లీ ఆ దేశంలోకి రానివ్వరు. ఎక్కడో ఉత్తరాన తోటల్లో క్యాప్సికం కోస్తున్నాడు. ఒక గదిలో ఆరుగురు. "అంతా గ్రాండ్ అంకుల్," అని మొదలుపెట్టేవాడు గానీ రెండో మాటకే అసలు సంగతి బయటపడేది.

వాడు అలా ఉన్నప్పుడు నేను నిజాలెలా చెబుతాను? ముసలావిడ రోజుకి మూడు మైళ్లు నడుస్తోందన్నాను. నడిచేది వీధి మూలదాకా. కుందేల్ని తరిమిందన్నాను. కుందేలు కనిపిస్తే తల తిప్పుకునేది. వాడు పగలబడి నవ్వేవాడు. వాడు నవ్వాలని మరుసటి వారానికి ఇంకో కుందేల్ని తయారుచేసి పెట్టుకునేవాణ్ణి.

ఒక ఆదివారం ముఖం నిండా పొక్కులతో ఫోన్ చేశాడు. మామిడికాయలు కోస్తున్నాడట.

"సొన పడిందిరా నీ మొహాన! ముచ్చిక దగ్గర తుంచెయ్యకు, కాడ వదిలి కొయ్యి. కొబ్బరినూనె రాసుకో."

"మీకెలా తెలుసు?"

"పదెకరాల తోట నాది."

పదెకరాలు కాదు, పక్కింటి గోడ మీదుగా మా పెరట్లోకి వంగిన ఒక్క కొమ్మ. కానీ కొబ్బరినూనె పనిచేసింది. ఆ గదిలోని ఆరుగురూ రాసుకున్నారట. నేను చెప్పినవాటిలో వాడికి నిజంగా పనికొచ్చింది అదొక్కటే.

డిసెంబరు వచ్చింది. మేం క్రైస్తవులం, క్రిస్మస్ కేకు బయట కొనే ఇల్లు కాదు. మా అమ్మాయి పెద్ద గిన్నెలో కిస్‌మిస్ నానబెట్టింది. ముసలావిడ వాసన పట్టి వచ్చింది. ఒకటి ఇచ్చాను. పెదవులతో, నా వేలికి తగలకుండా, ఎంత మర్యాదగా తీసుకుందో! జీవితంలో ఒక కుక్క నన్ను కరవకుండా నా చేతిలోంచి తింటోంది. ఆ గర్వంలో ఇంకొకటి, ఇంకో గుప్పెడు. కోటు జేబులో వేసుకుని మూడు రోజులు పెట్టాను.

"గిన్నెలో సగమైపోయాయేంటి నాన్నా?"

"ఈ దేశంలో ఎలకలకి మంచి రుచి తెలుసమ్మా."

నాలుగో రోజు అది వాంతి చేసుకుంది. నీళ్లు ముట్టలేదు. లేవలేదు. మనవరాలు దాని పక్కన నేల మీద కూర్చుని, తన ఐరిష్ యాసలో, "తాతా, షీ ఈజ్ రియల్లీ సిక్, లైక్. రింగ్ ద వెట్!" అని ఏడ్చింది.

పశువుల డాక్టరు ఫోన్‌లోనే అడిగింది: ఏం తిన్నది? ద్రాక్షగానీ ఎండుద్రాక్షగానీ తిన్నదా? తిన్నదన్నాను. వెంటనే తీసుకురమ్మంది. కారు తలుపు తీసి పట్టుకున్న మనవరాలు ఆ రోజు నాకు మళ్లీ కనిపించేసరికి ముసలావిడ లేదు. మూత్రపిండాలు పనిచేయడం మానేశాయన్నారు. వాళ్లు చేయగలిగిందంతా చేశారు. మా ఊళ్లో కుక్కలు పెళ్లి ఆకుల మీద ఏది మిగిలితే అది తినేవి. ఏ కుక్కా ద్రాక్ష తిని చచ్చిపోవడం నేను చూడలేదు.

ఇంటికొచ్చి పప్పు డబ్బాల వెనకనుంచి ఆ కాగితం తీశాను. పెట్టకూడనివాటిలో మూడోది ఎండుద్రాక్ష. కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

ఆదివారం వచ్చింది. "పడుకుంది, లేపడమెందుకు," అన్నాను. తర్వాతి ఆదివారం మా అల్లుడు తిప్పడానికి తీసుకెళ్లాడన్నాను. ఆ తర్వాతి ఆదివారం స్నానం చేయిస్తున్నారన్నాను. మా అమ్మాయి మెట్ల మీద కూర్చుని వింటోంది. లేచి పైకి వెళ్లిపోయింది.

నాలుగో ఆదివారం వాడి ముఖం వెలిగిపోతోంది. లైసెన్సు వచ్చింది. ఒక కంపెనీ తీసుకుంది. ఇల్లు దొరికింది. ఫోన్ పట్టుకుని పెరట్లోకి పరిగెత్తాడు. "చూడండి అంకుల్, ఇక్కడ ఎండ భరించలేదని నేనే కట్టాను." రెండు స్తంభాల మధ్య పచ్చటి నీడబట్ట, దాని కింద పరుపు, నీళ్ల గిన్నె. గిన్నె నిండా నీళ్లు కూడా పోసి పెట్టాడు. "విమానం వాళ్లతో మాట్లాడాను. మార్చిలో పంపచ్చన్నారు. పిలవండి, ముసలావిడక్కూడా చూపిద్దాం."

నోట్లోకి ఏ కుందేలూ రాలేదు.

"అది లేదు నాయనా."

"బయటికెళ్లిందా?"

"లేదు. క్రిస్మస్‌కి ముందే పోయింది. నేనే చంపాను. కిస్‌మిస్ పెట్టాను. నీ కాగితం చదవలేదు. నేను ఇరవై కుక్కల్ని పెంచలేదు, ఒక్కదాన్నీ పెంచలేదు. నాకు కుక్కలంటే భయం."

ఫోన్‌లో ఆ నీడబట్టే కనిపిస్తోంది. వాడు ఫోన్‌ని తన వైపు తిప్పుకోలేదు. గొంతు మాత్రం వచ్చింది.

"ఇష్టంగా తిన్నదా, అంకుల్?"

"చాలా ఇష్టంగా తిన్నది."

"చివర్లో... దగ్గర ఎవరున్నారు?"

అంతా చెప్పేశాను కదా, ఇదీ చెప్పేస్తే అయిపోయేది. "నేనే," అన్నాను. "మా కిటికీ పక్క కుర్చీలో. నా ఒళ్లో తల పెట్టుకుని, నిద్రపోయినట్టే పోయింది."

అప్పుడు వాడు ఏడ్చాడు. "అమ్మ పోయినప్పుడు నేను పనిలో ఉన్నాను. దగ్గర ఎవరూ లేరు. దీనికైనా మీరున్నారు. థాంక్యూ అంకుల్," అన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

వాడిప్పుడు అక్కడే స్థిరపడ్డాడు. పెళ్లయింది, ఒక చిన్న కూతురు ఉంది. ప్రతి క్రిస్మస్‌కీ ఫోన్ చేస్తాడు. ముసలావిడ మాట నాతో ఎత్తడు గానీ, కూతురికి చెప్పి నిద్రపుచ్చే కథల్లో అదీ ఒకటట. మొన్న ఆ పిల్ల ఫోన్‌లో నా వంక తేరిపార చూసి, "నాన్న కుక్క నీ ఒళ్లోనే నిద్రపోయిందా?" అని అడిగింది. అవునన్నాను. "మేం వచ్చినప్పుడు నేను కూడా ఆ ఒళ్లో కూచుంటా," అంది. ఈ వేసవికి వస్తున్నారు. వాడు ఆ కుర్చీ ఇంకా ఉందా అని అడిగాడు. ఉంది.

వాడికి తెలుగు రాదు కాబట్టే ఇది తెలుగులో రాస్తున్నాను. ఇదీ నా జిత్తులమారితనమే. వాళ్లు వచ్చేలోపు వాడి భాషలో చెప్పే ధైర్యం వస్తుందేమో చూడాలి.

ఆ రోజు పశువుల ఆసుపత్రి దగ్గర జరిగింది ఇది. కరోనా వల్ల మనుషులెవరూ లోపలికి రాకూడదు, కారులోనే ఉండాలి. మాస్కు పెట్టుకున్న ఒక అమ్మాయి వచ్చి, తన తాడు దాని మెడకి వేసి, మా తాడు విప్పి కిటికీలోంచి నా చేతికిచ్చింది. ముసలావిడ వెనక్కి తిరిగి నన్ను చూసిందని మా అమ్మాయికి చెప్పాను. చూడలేదు. తోక కాళ్ల మధ్య పెట్టుకుని ఆ అమ్మాయి వెంట వెళ్లిపోయింది.

గంట తర్వాత ఫోన్ మోగింది. ఇక లాభం లేదు, బాధ లేకుండా పంపించేద్దాం, మాస్కు పెట్టుకుని ఒకరు లోపలికి రావచ్చు అన్నారు. కారు నుంచి ఆ తలుపు ముప్పై అడుగులుంటుంది.

"మీరు వెళ్లండి మావయ్యా, నేనిక్కడుంటాను," అన్నాడు అల్లుడు.

"డెబ్బై దాటినవాణ్ణి, లోపల ఎవరికేముందో," అన్నాను.

వైరస్ కాదు. నా కోటు జేబులో ఇంకా నాలుగు కిస్‌మిస్‌లు ఉన్నాయి. నన్ను చూడగానే అది లేవలేకపోయినా తోక ఆడిస్తుంది, నా చేతివంక చూస్తుంది. అది చూడలేననిపించింది.

అల్లుడు దిగి వెళ్లాడు. ఫ్యాక్టరీ బట్టలకి వెంట్రుకలంటుతున్నాయని ఆ కుక్కని దగ్గరికి రానివ్వని మనిషి. తిరిగొచ్చేసరికి ప్యాంటు మోకాళ్ల దగ్గర బూడిద రంగు వెంట్రుకలున్నాయి. నేల మీద కూర్చున్నాడన్నమాట. దులుపుకోలేదు. నన్నేమీ అడగలేదు, అప్పుడు గానీ ఇప్పటిదాకా గానీ.

అతను లోపల ఉన్నంతసేపూ నేను కారులోనే కూర్చున్నాను. నా ఒళ్లో ఉన్నది ఆ తాడు.