చెంచామూతి పిట్టకు సాక్ష్యం

మొన్న చైత్రంలో మా అక్క కూతురు కళింగపట్నం నుంచి ఫోన్లో మా పక్షుల క్లబ్బు గ్రూపుకి ఒక ఫోటో పంపింది. వంశధార సముద్రంలో కలిసేచోట, బురదలో పిచ్చుకంత ఉల్లంకి పిట్ట, ముక్కు చివర చెంచాలా విచ్చుకుని ఉంది. క్లబ్బువాళ్ళందరూ కింద చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేను పెట్టలేదు. ఆ పిట్టను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఆ వెంటనే కడుపు చల్లబడుతుంది కూడా.

ఆ క్లబ్బు పెట్టింది అక్క భర్త, మా బావే, చీపురుపల్లిలో బట్టల కొట్టు నడుపుకుంటూ. చలికాలమంతా మన తీరాన గడిపిన పిట్టలు తిరిగి ఉత్తరానికి వెళ్ళిపోయే ముందు, ఏటా ఒక ఆదివారం జతలుగా విడిపోయి వాటిని లెక్కపెట్టేవాళ్ళం. ఎండెక్కాక కళింగపట్నం లైట్‌హౌస్ నీడలో చేరి, పులిహోర పొట్లాలు విప్పే ముందు ఎవరు ఏ పిట్టను చూశారో పైకి చెప్పాలి. జతగా వెళ్ళినవాళ్ళు "సూసేను" అనాలి. అనకపోతే ఆ పిట్ట లెక్కలోకి రాదు. ఈ ఆనవాయితీ కూడా బావ పెట్టిందే.

నాకింకా పెళ్ళికాని రోజుల్లో ఒక ఏడు, బావకు జతగా వెళ్ళి ఆ చెంచామూతి పిట్టను నేనే ముందు చూశాను. బైనాక్యులర్స్ ఆయన చేతికిచ్చాను. అది కనబడాలని ఏళ్ళ తరబడి తపించిన మనిషి, "ఔనే, అదేనే" అంటూ నా భుజం చరిచాడు. తీరా లైట్‌హౌస్ దగ్గర నేను గొప్పగా దాని పేరు చెప్పి ఆయన వైపు తిరిగితే, తాపీగా పొట్లం విప్పుకుంటూ, "నానేటీ సూడనేదు. ఎండకి కళ్ళు సెదిరుంటాయి దీనికి" అన్నాడు. అందరూ నవ్వారు. మరదలు తనకంటే ముందు చూడడం ఆ పెద్దమనిషికి మింగుడుపడలేదు, అంతే. అక్కడితో వదిలాడా? నా పెళ్ళి విందులో, నా పిల్లల అన్నప్రాసనల్లో, ఎక్కడ భోజనానికి కూర్చున్నా చెంచా పైకెత్తి, "ఒసే, నీ పిట్ట వచ్చినాది సూడే" అనేవాడు. బంధువులంతా విరగబడి నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, లోపల పళ్ళు నూరుకుంటూ.

అయినా ఏటా లెక్కకు ఆయన జతగానే వెళ్ళాను. ఆయన కూర్చునే పీట మోశాను, ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాను, మా మరదలు బంగారమని ఆయన నలుగురికీ చెబుతుంటే తలవంచుకుని విన్నాను. మోకాళ్ళు అరిగిపోయి, ఇక బురదలో నడవొద్దని డాక్టరు గట్టిగా చెప్పిన ఏడు, ఇదే ఆఖరిసారని పట్టుబట్టి వచ్చాడు. ఆ రోజే అది మళ్ళీ వచ్చింది. ఈసారి ఆయనే ముందు చూశాడు. నా జబ్బ పట్టుకుని వేలితో చూపించాడు. నేను బైనాక్యులర్స్ తీసుకుని, అది ఎగిరిపోయేదాకా తనివితీరా చూశాను.

లైట్‌హౌస్ నీడలో, దాని పేరు చెప్పి ఆయన నా వైపు తిరిగాడు. నేను పొట్లం దారం విప్పుతూ అన్నాను, "నానేటీ సూడనేదు బావా." అప్పుడు ఆయన ముఖం ఎలా ఉంటుందో చూడడానికే నేను అన్నేళ్ళు ఆ పీట మోశాను. ఎవరూ నవ్వలేదు, అదొక్కటే నాకు లోటు. అందుకని చెంచా బాగా పైకెత్తి మరీ ఆయనకు పెరుగన్నం వడ్డించాను. పెట్టిందంతా తిన్నాడు. ఆ తర్వాత ఆయన లెక్కకు రాలేదు, ఏ విందులోనూ చెంచా ఎత్తలేదు.

ఆయన పోయి చాలాకాలమైంది. నాకు రవ్వంత పశ్చాత్తాపం లేదు. అప్పట్లో ఈ ఫోన్లు లేకపోవడం నా అదృష్టం; ఇప్పుడైతే ఫోటో తీసి చూపిస్తే చాలు, పక్కవాళ్ళు ఔనన్నా కాదన్నా పిట్ట లెక్కలోకి వచ్చేస్తుంది. తండ్రి పిచ్చే పట్టిన ఆ పిల్ల ఒంటరిగా వెళ్ళి ఒంటరిగా చూసొచ్చింది, ఎవరి మాట కోసమూ ఎదురుచూడలేదు. మా రోజుల్లో పక్కనున్న మనిషి అనే ఒక్క మాట కోసం మొహం వాచేవాళ్ళం. ఫోటో పెద్దది చేసుకుని, అప్పుడు వచ్చింది అచ్చం ఇలాగే ఉండేది కదా అని ఎవరితోనైనా చెప్పుకుందామంటే, మా కాలంలో ఆ పిట్టను చూసింది మేమిద్దరమే. ఇద్దరం చూడలేదనే చెప్పాం.